ఆరు లీటర్లు తక్కువ

ఎర్మెస్ బాల్దాచ్చి కట్టిన ఇంజిన్ పంతొమ్మిది కార్ల పందేల్లో దిగింది. పంతొమ్మిది సార్లూ శవమై ఇంటికి వచ్చింది. ఒకసారి పిస్టన్ కరిగిపోయింది, ఒకసారి టర్బో పేలింది, ఒకసారి ఏం జరిగిందో కట్టినవాడికే అంతుపట్టలేదు. లోకంలో ఇంత ఓపిక ఉన్న మనిషి మరొకడు ఉండడు. విప్పడం, కడగడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ పంపడం. చచ్చి వచ్చిన ప్రతిసారీ "ఈసారి ఎందుకు చచ్చిందో తెలిసిందిలే" అనేవాడు, అదేదో శుభవార్త అయినట్టు.

బెల్జియం నుంచి లారీలో తిరిగి వస్తుంటే జట్టు యజమాని అదెల్మో కావినా తేల్చి చెప్పేశాడు. ఫాయెంజాలో ట్రాక్టర్ల కార్ఖానా నడిపే అదెల్మో, ఎర్మెస్ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదివినవాళ్ళు. అరవై ఏళ్ళు వచ్చినా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటారు. అదెల్మోలో ఉన్న గొప్పతనమూ రోగమూ ఒక్కటే, అన్నమాట వెనక్కి తీసుకోడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వచ్చే ఆదివారం పందెం జరిగే ఇమోలా మన ఇల్లు," అన్నాడు. "గెలవమని కూడా అనను. మొదటి ఆరుగురిలో ఒకడిగా గీత దాటితే చాలు. ఒక్కటంటే ఒక్క పాయింటు. అది రాలేదో, సోమవారం పొద్దున్నే ఇంగ్లండుకు ఫోను చేస్తా, వాళ్ళ ఇంజిన్ తెప్పిస్తా. నీ షెడ్డుకు తాళం పడుతుంది."

"వారం రోజులేనా టైము?"

"రెండేళ్ళు ఇచ్చాను కదరా!"

ఎర్మెస్ లారీ దిగి నేరుగా షెడ్డుకు వెళ్ళాడు. ఆ వారం రోజులూ షెడ్డులోనే తిన్నాడు, షెడ్డులోనే పడుకున్నాడు.

ఇంజిన్‌లో జబ్బు పోయింది, ఆ సంగతి శుక్రవారానికే తేలిపోయింది. ఇక మిగిలింది దాని దాహం. ఆ ఏడాదే కొత్త రూలు తెచ్చారు, పందెం మధ్యలో పెట్రోలు పోయడానికి లేదు. రెండు వందల ఇరవై లీటర్లు పట్టే ట్యాంకు, అరవై చుట్లు, అంతే. టర్బో ఇంజినేమో పచ్చి తాగుబోతు. ఇమోలాలో ప్రతి మలుపు దగ్గరా కారు చచ్చేంత నెమ్మదించి మళ్ళీ పరిగెత్తాలి, అందుకని ఇంకా ఎక్కువ తాగుతుంది. దీనికి అన్ని జట్లూ ఒకే ఉపాయం కనిపెట్టాయి. పెట్రోలు పీపాను పొగలు కక్కే మంచుగడ్డల మధ్య పెట్టి గడ్డకట్టేంత చల్లబరుస్తారు. చల్లబడితే కుంచించుకుపోతుంది కాబట్టి అదే ట్యాంకులో మరికాస్త పడుతుంది. కారు గ్రిడ్ మీదికి, అంటే పందెం మొదలయ్యే వరసలోకి, వెళ్ళేముందు ఆఖరి నిమిషంలో పోస్తారు.

అయితే చల్లబడి కుంచించుకున్నది వేడెక్కితే పొంగుతుంది కదా. అందుకే పైన రెండు వేళ్ళ ఖాళీ వదలాలి. ఈ నియమం పెట్టింది ఎర్మెస్సే. గరాజు తలుపు మీద సుద్దముక్కతో రాసిందీ అతనే. మెకానిక్కులెవరైనా మరిచిపోతే చెవి మెలిపెట్టేదీ అతనే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెట్రోలు పోసింది ఎర్మెస్సే. గరాటు పట్టుకుని, ట్యాంకు మూతి దాకా, ఆఖరి చుక్క దాకా పోశాడు. రెండు వేళ్ళ ఖాళీ లేదు, అరవేలు ఖాళీ కూడా లేదు. తన ఇంజిన్ ఎంత తాగుతుందో తల్లికి తెలిసినట్టు తెలుసు మరి. పదిహేను నిమిషాల్లో పందెం మొదలవుతుంది, మొదటి చుట్టులోనే అది నాలుగు లీటర్లు మింగుతుంది, పొంగడానికి చోటు దానంతటదే దొరుకుతుంది, అనుకున్నాడు. ఆశ లావు, పీక సన్నం.

గ్రిడ్ మీద పద్నాలుగో చోట వాళ్ళ నీలం కారు నిలబడింది. డ్రైవరు తుల్లియో రవాయోలి నడుముకు పట్టీలు బిగించుకుంటూ ఎర్మెస్‌ను దగ్గరికి రమ్మన్నాడు. చిన్నప్పుడు ఎర్మెస్ షెడ్డు గోడ దూకి లోపలికొచ్చి స్పానర్లు కొట్టేసిన వెధవే ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళ తుల్లియో.

"బాబాయ్, ముందే చెబుతున్నా. ఇవాళ మీరు పిట్ గోడ మీంచి చూపించే బోర్డు చూడను."

"ఏం, కళ్ళు పోయాయా?"

"బెల్జియంలో చూశాగా! పెట్రోలు చాలదు, తగ్గించు, తగ్గించు అని బోర్డు పెట్టాడు మీ అదెల్మో. తగ్గించా. రెండు స్థానాలు గంగపాలు. టర్బో పేలి ఆగిపోయాక చూస్తే ట్యాంకులో ఇరవై లీటర్లు మూలుగుతున్నాయి. ఆయనకు భయమేసినప్పుడల్లా నేను తగ్గాలా? నాకీ అంకె చాలు." సీటు ముందున్న చిన్న డబ్బాను వేలితో కొట్టాడు. ఇంజిన్ తాగినదాన్ని లెక్కగట్టి ఇంకా ఎంత మిగిలిందో ఎర్ర అంకెల్లో చూపించే డబ్బా అది.

"దాన్ని నమ్ము," అన్నాడు ఎర్మెస్. ఆ క్షణానికి నిజమే చెప్పాడు.

అప్పుడే మైకులో వినిపించింది. పొద్దున జరిగిన చిన్న కార్ల పందెంలో ఒక మలుపు దగ్గర నూనె కారిందట, శుభ్రం చేస్తున్నారట, ఆరంభం ఆలస్యమట. ఎంతసేపో చెప్పలేదు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. మే నెల ఎండ. ట్రాకు పక్కన తోజా గుట్ట మీద రాత్రంతా కాపేసిన జనం చొక్కాలు విప్పి ఊపుతున్నారు. పెద్ద జట్ల వాళ్ళు తమ కార్ల మీద తడి దుప్పట్లు కప్పారు. ఎర్మెస్ కూడా కప్పాడు. కప్పుతుంటే కారు ఎడమ పక్క నుంచి టప్, టప్ మని చప్పుడు వినబడింది.

వంగి చూశాడు. ట్యాంకు ఊపిరి గొట్టంలోంచి పెట్రోలు కారుతోంది. నిండుకుండ తొణకదంటారు, ఈ కుండ తొణికింది. ఎవరూ చూడకముందే నూనె పళ్ళెం ఒకటి కిందికి తోశాడు.

తుల్లియో ముక్కు ఎగబీల్చాడు. "బాబాయ్, ఏదో కారుతోంది."

"నీళ్ళురా. మంచు కరిగిన నీళ్ళు."

అంతే. ఒక్క మాట. ఎందుకన్నాడో తర్వాత ఎన్ని రోజులు ఆలోచించినా అతనికే తెలియలేదు. అదెల్మో పక్కనే ఉన్నాడు, అది కారణం కావచ్చు. పొయ్యకుండా వదలమన్న రెండు వేళ్ళ చోటులో తానే పోశానని ఎలా చెబుతాడు? కారు గ్రిడ్ మీదికి వచ్చాక మళ్ళీ ఒక్క చుక్క పోసినా పందెం నుంచి తీసేస్తారు. చెప్పీ లాభం లేదని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

నలభై నిమిషాల తర్వాత పందెం మొదలైంది. ఎర్మెస్ పళ్ళెం తీసుకుని గరాజు వెనక్కి వెళ్ళి కొలత డబ్బాలో ఒంపాడు. సరిగ్గా ఆరు లీటర్లు. అరవై చుట్లకూ పోను రెండు లీటర్లు మిగలాలని లెక్క వేసుకున్నారు. అంటే నాలుగు లీటర్లు తక్కువ, అంటే ఒక చుట్టు పైచిలుకు. ఇంజిన్ తాగకుండా నేలపాలైంది ఆ ఎర్ర అంకెల డబ్బాకు ఎలా తెలుస్తుంది? ట్యాంకు ఎండిపోయినా ఇంకా ఉందనే చూపిస్తుంది.

తేలు కుట్టిన దొంగలా, ట్రాకు అంచున జట్లవాళ్ళు నిలబడే పిట్ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

గోడ మీద ఎత్తు స్టూలు వేసుకుని అదెల్మో భార్య నీవెస్ కూర్చుంది. మెడలో మూడు స్టాప్‌వాచీలు, ఒళ్ళో కాగితాల అట్ట. ఏ కారు ఎప్పుడు దాటిందో ఇరవై ఏళ్ళుగా ఆవిడ రాసిందే వేదం. మొగుడు చెప్పినా నమ్మదు, గడియారం చెప్పాలి.

"పదకొండు," అంది పదో చుట్టులో, తమ కారు ఎన్నో స్థానంలో ఉందో చూసి. "తొమ్మిది," అంది ఇరవయ్యో చుట్టులో. ముందున్నవాళ్ళలో ఒకడి టర్బో పేలింది, ఇంకొకడు ఇసుకలోకి పోయాడు. నీలం కారు మాత్రం టర్బో బలాన్ని పెంచి తగ్గించే మీటను మూడో మెట్టు మీద పెట్టుకుని, ఆ పంతొమ్మిది చావులూ తనవి కానట్టు, హాయిగా పాడుకుంటూ పోతోంది. ఆ పాట విని ఎర్మెస్‌కు ఏడుపొచ్చింది. ఇంత మంచి ఇంజిన్ కట్టాడు, చేజేతులా దాని గొంతు నులిమాడు.

ముప్ఫై ఎనిమిదో చుట్టులో తుల్లియో మీట నాలుగో మెట్టుకు తిప్పి, కొండెక్కే దారిలో ఒక తెల్ల కారును దాటేశాడు.

"ఆరు!" అంది నీవెస్.

అదెల్మో పరిగెత్తుకొచ్చి ఎర్మెస్‌ను వాటేసుకున్నాడు. చెమట, కాఫీ, సిగరెట్టు కలిసిన వాసన. "ముసలి గాడిదా! బతికించావురా! నీ షెడ్డూ బతికింది, నా పరువూ బతికింది!"

ఎర్మెస్ ఆ చేతులు విడిపించుకున్నాడు. ఇక దాచడం తన వల్ల కాదని అప్పుడే తెలిసింది. మాట దాచితే ఇంజిన్ చస్తుంది, చెబితే తను చస్తాడు. ఎవరు బతకాలో ఎంచుకోవడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"అదెల్మో, పెట్రోలు చాలదు."

"అంకె బాగుందిగా?"

"అంకెకు తెలియదు. గ్రిడ్ మీద ఆరు లీటర్లు పొంగిపోయింది. ఖాళీ వదలకుండా మూతి దాకా పోశాను. నేనే."

అదెల్మో ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వా? తలుపు మీద రాసిన నువ్వా?"

"నేనే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పందెం మొదలవకముందే."

"ముప్ఫై ఎనిమిది చుట్లు!" అదెల్మో అరుపుకు పక్క జట్టు వాళ్ళు తలలు తిప్పారు. "ముప్ఫై ఎనిమిది చుట్లు నోట్లో ఏం పెట్టుకున్నావురా? మొదట్లోనే చెబితే గోటితో పోయేది, ఇప్పుడు గొడ్డలి కావాలి! విను. ఇవాళ్టితో సరి. ఇంకెప్పుడూ నువ్వు పందేనికి రావు. ఏ ఊళ్ళోనూ ఈ గోడ దగ్గర నిలబడవు. విన్నావా?"

"విన్నాను. తిట్లు తర్వాత తిట్టు. ముందు బోర్డు పెట్టించు. మీట రెండో మెట్టుకు దించితే సరిపోతుంది."

బోర్డు పెట్టారు. 'మీట 2.' గోడ మీద నుంచి చాచి పట్టుకున్నారు. తుల్లియో గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చాడు, చూశాడు, ఎడమ చెయ్యి బయటపెట్టి ఫో అన్నట్టు ఊపి వెళ్ళిపోయాడు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఊపాడు. మూడోసారి, నాలుగోసారి. నలభై ఆరో చుట్టు కూడా అయిపోయింది. మాట్లాడదామంటే ఆ చిన్న జట్టుకు రేడియో ఏదీ?

"వాడు బోర్డు నమ్మడు," అంది నీవెస్. "నీ భయమనుకుంటున్నాడు, అదెల్మో. ఇంకెన్నిసార్లు పెట్టినా అంతే."

"వదినా, అక్షరాల పెట్టె ఇలా ఇవ్వు," అన్నాడు ఎర్మెస్.

ఆ బోర్డు మీద ఎప్పుడూ డ్రైవరు స్థానం, తేడా, మిగిలిన చుట్లు, ఇవే ఉంటాయి. పేరంటూ ఉంటే డ్రైవరుదే. మెకానిక్ పేరు బోర్డు మీద పెట్టడం ఏ దేశంలోనూ, ఏ జట్టులోనూ ఎవరూ ఎరగరు. ఎర్మెస్ రేకు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి గాడిలోకి దోపాడు. పై వరసలో తన పేరు. కింది వరసలో మైనస్ ఆరు, దాని పక్కన లీటర్లకు గుర్తుగా ఒక అక్షరం.

నీవెస్ చదివింది. "ఇది ప్రపంచమంతా చూస్తుంది ఎర్మెస్. టీవీ కెమెరా అదిగో ఎదురుగానే ఉంది."

"చూడనీ. వాడు చూడాలి, అదే కావాలి."

బోర్డు బరువైంది. కుర్రవాళ్ళు పట్టుకుంటామన్నా ఇవ్వలేదు. గోడ ఎక్కి, తన పేరును తానే రెండు చేతులతో తల మీదికెత్తి, ట్రాకు వైపు తిప్పి నిలబడ్డాడు. పక్క గోడల వెంట ఒక్కొక్కరే వంగి చదువుతున్నారు. "ఎర్మెస్ ఎవరు? ఏం ఆరు?" అని ఎవరో అడిగారు. అర్థమైనవాడు పక్కవాడికి చెప్పాడు, వాడు ఇంకొకడికి చెప్పాడు. పిట్ల వరస చివరిదాకా నవ్వు పాకింది. పెట్రోలు నేల మీద పోసుకున్న ఇంజిన్‌వాడు! ఎర్మెస్ చెవులు కాలిపోయాయి. అరవై ఏళ్ళ పరువు అది, చవగ్గా రాలేదు. అయినా బోర్డు ఒక్క అంగుళం కూడా దించలేదు.

నీలం కారు వచ్చింది. దాటింది. ఈసారి చెయ్యి ఊపలేదు.

"చూశాడా?" అన్నాడు అదెల్మో.

ఒకటిన్నర నిమిషం పైగా ఆగాలి. నీవెస్ గడియారం నొక్కి పట్టుకుంది. కారు మళ్ళీ వచ్చేసరికి ఆవిడ ఊపిరి వదిలింది. "రెండు సెకన్లు ఆలస్యం. దించాడు!" ఎర్మెస్ ఇంజిన్ గొంతు ముందే విన్నాడు. నాలుగో మెట్టు నుంచి ఒకటో మెట్టుకు దించాడు వాడు, రెండు కూడా కాదు. నీళ్ళన్న మాట గుర్తొచ్చి ఉంటుంది, ఎంత కారిందో వాడే లెక్క కట్టుకుని ఉంటాడు.

దించినందుకు శిక్ష వెంటనే పడింది. యాభయ్యో చుట్టులో ఆ తెల్ల కారు మళ్ళీ దాటేసింది. యాభై మూడులో ఆకుపచ్చ కారు దాటింది.

"ఎనిమిది," అంది నీవెస్.

అదెల్మో టోపీ నేలకేసి కొట్టాడు. "ఎనిమిదో స్థానానికి ఎవడిస్తాడు పాయింటు? ఆగిపోతే ఆగిపోనీ, ఆరులో ఉండి ఆగిపోతే కనీసం మగతనంగా ఉండేది!"

"ఆగితే నా ఇంజిన్ చచ్చినట్టే లెక్క," అన్నాడు ఎర్మెస్. "ఇరవయ్యో చావు నాకొద్దు. వాళ్ళందరూ మనలాగే రెండు వందల ఇరవై పోసుకున్నవాళ్ళే. వాళ్ళ పరుగు చూడు. ఆ వేగంతో చివరిదాకా ఎలా పోతారో నేనూ చూస్తా."

యాభై ఆరు. యాభై ఏడు. ఎవరూ ఆగలేదు. ఎర్మెస్ ప్రతి చుట్టులోనూ గోడ మీద ఒంగి ఇంజిన్ గొంతు విన్నాడు. నీరసంగా ఉంది కానీ దగ్గు లేదు. పాడవే తల్లీ, ఇంకొంచెంసేపు పాడు, అని పైకే అన్నాడు. పక్కనున్నవాళ్ళు విన్నా సిగ్గనిపించలేదు.

యాభై తొమ్మిదో చుట్టులో ఆకుపచ్చ కారు కొండ మీద ముక్కి, మూలిగి, గడ్డి అంచున ఆగిపోయింది.

"ఏడు," అంది నీవెస్. ఇక ఆవిడ కూర్చోలేదు.

ఆఖరి చుట్టు. లౌడ్‌స్పీకరులో ఏదో అరుస్తున్నారు, తోజా గుట్ట నుంచి వచ్చే హోరులో ఏదీ అర్థం కావడం లేదు. గీతకు ముందున్న రివాజ్జా దిగుడు వైపు అందరి కళ్ళూ ఉన్నాయి. మొదట తెల్ల కారు కనబడింది. నిశ్శబ్దంగా దొర్లుకుంటూ వస్తోంది, ఇంజిన్ చప్పుడే లేదు. దాని వెనక నీలం కారు, అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ. ట్యాంకు అడుగున మిగిలిన తడిని పంపు నోట్లోకి చిలకరించుకుంటున్నాడు తుల్లియో. దగ్గింది. ఆగింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ దగ్గింది.

ఒక మెకానిక్ గోడ దూకబోయాడు. ఎర్మెస్ వాడి కాలరు పట్టి వెనక్కి లాగాడు. "ముట్టుకున్నావంటే చంపేస్తా! చెయ్యి తగిలితే స్థానం పోతుంది. దాన్నే రానివ్వు, అదే వస్తుంది!"

అదే వచ్చింది. తెల్ల కారు గీతకు ఇంకా రెండు వందల గజాలు ఉండగానే దొర్లడం మానేసింది. నీలం కారు దాని పక్క నుంచి దగ్గుతూ, తుమ్ముతూ, సొంత కాళ్ళ మీద వచ్చి గళ్ళ జెండా కింద నుంచి దాటింది. ఇంకో నాలుగు వందల గజాలు పోయి ఎడమ మలుపు మొదట్లో గడ్డి మీద ఆగిపోయింది.

"ఆరు," అంది నీవెస్. గడియారాలు మూడూ ఆపేసి, అట్ట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అదెల్మో ఎర్మెస్ దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంజిన్ ఉంటుంది," అన్నాడు. "ఫోను చెయ్యను. షెడ్డు నీదే, నువ్వే కడతావు."

"ఊఁ."

"ఇంకో మాట కూడా అన్నాను."

"విన్నానని చెప్పాగా."

"ఎర్మెస్..." అదెల్మో అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నన్ను బతిమాలరా. ఒక్కసారి బతిమాలితే..."

"బతిమాలను. తప్పు చేశాను, దాచాను. నువ్వన్నది సబబే. అన్నమాట తప్పి నా కోసం నువ్వు చిన్నవాడివి కావద్దు." నేల మీది టోపీ తీసి, దులిపి అదెల్మో చేతిలో పెట్టాడు. "ఇక నా ఇంజిన్ పరుగు రేడియోలో వింటాలే."

గోడ దిగి, ట్రాకు అంచున గడ్డి మీదుగా నడిచాడు. జనం కంచెలు దూకి జెండాలతో పరిగెత్తుతున్నారు, ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. తుల్లియో కారు దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎదురుగా వస్తున్నాడు. మొహమంతా మసి.

"నీళ్ళన్నావు," అన్నాడు.

"అన్నాను."

"పేరు చూసి నమ్మాను బాబాయ్. నువ్వే నెత్తికెత్తుకున్నావంటే అది నిజమై ఉండాలి." ఇంకేదో అనబోయి మానుకుని, ఎర్మెస్ భుజం మీద తల ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత పిట్ల వైపు నడిచాడు.

ఎర్మెస్ కారు దగ్గరికి చేరాడు. వెనక మూత తెరిచి ఉంది. పిస్టన్ కరిగిన వాసన లేదు, నూనె కారలేదు, ఎక్కడా పగులు లేదు. చేతి తొడుగు తీసి ఇంజిన్ మీద అరచెయ్యి వేశాడు. చుర్రుమంది. తియ్యలేదు. రెండేళ్ళలో ఇరవై సార్లు పంపాడు, పందెం అయ్యాక బతికి ఉండగా దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.